నాన్న నోట పూల పేరు

మొన్న ఫాల్గుణం చివర్లో మా కోడలు కారు నడుపుతుంటే, రాయ్‌పూర్ పక్కన మందిర్ హసౌద్ దాటగానే కిటికీలోంచి మహువా పూల వాసన గుప్పుమంది. ఇక నా మనసు కారులో ఉంటే ఒట్టు. పదిహేనేళ్ళు వెనక్కి, ఆ దగ్గర్లోనే ఉన్న చెట్లవనంలోకి వెళ్ళి కూర్చుంది.

చుట్టుపక్కలవాళ్ళంతా తలో మొక్కా నాటి పెంచుకున్న వనం అది. అప్పటికి మొక్కలు మోకాలెత్తే గానీ, ముందునుంచీ ఉన్న పెద్ద మహువా చెట్లను కొట్టకుండా వాటి మధ్యనుంచే మెలికలు తిప్పుతూ నడకదారులు వేశారు. విజయనగరం వైపునుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి రాయ్‌పూర్‌లోనే ఉండిపోయిన మా నాన్నకి ఆ ఏడాదే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి, నోరు మాత్రం పెగల్లేదు. రోజూ మాట్లాడించమన్నారు డాక్టరుగారు. మాట్లాడి మాట్లాడి అమ్మ అలిసిపోయింది, నాకైతే ఇక ఆ గొంతు వినే రాత లేదేమోననిపించేది. ఆదివారాలు పొద్దున్నే ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళి, భుజం ఆసరా ఇచ్చి నడిపిస్తూ, కనబడినదాన్నల్లా చూపించి వాగుతూ ఉండేదాన్ని.

ఒకరోజు ఎండ ఇంకా ఎక్కని లేత వెలుగులో దారంతా పూలు రాలి, ఆ మత్తు వాసనకి నడుస్తున్నామో తేలుతున్నామో తెలియకుండా ఉంది. ఒక పువ్వు ఏరి ఆయన అరచేతిలో పెట్టి, మహువా ఫూల్ అన్నాను. ఆయన పెదవులు కదిలి, ‘ఇప్ప’ అన్నట్టు వినబడింది. మా ఇంట్లో విప్పమనడానికి ‘ఇప్పు’ అనే అంటాం. మాట వచ్చిందన్న కంగారులో గబగబా ఆయన మెళ్ళో మఫ్లరు విప్పాను. కాదన్నట్టు తల ఊపితే చొక్కా పైగుండీ, అదీ కాదంటే కూలబడి బూట్ల తాళ్ళు కూడా విప్పేశాను. నాన్నకి కోపం నషాళానికెక్కింది. పువ్వు నా ముక్కు దగ్గర పెట్టి, అక్షరం అక్షరం కూడదీసుకున్నారు.

“ఇప్ప... పువ్వే, మొద్దూ.”

రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగిన నాకు మహువాకి తెలుగులో ఒక పేరుందనే తెలియదు. ఆయన బూటు చేత్తో పట్టుకుని నేలమీదే ఏడ్చేశాను, నవ్వాను కూడా. పూలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు “కా హోగే, నోనీ?” అంటూ, ఏమైంది తల్లీ అని చుట్టూ మూగారు. మా నాన్న మాట్లాడారని చెప్పడానికి నాకే మాట రాలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళున్నారు. మాటలు ముక్కలుగానే వచ్చేవి గానీ, వనంలో అడుగు పెడితే తునికి, మోదుగ, తాని అంటూ ఒక్కొక్క పేరూ నాచేత అనిపించి గానీ కదలనిచ్చేవారు కాదు.

ఇప్పుడా మొక్కలు మన నెత్తులు దాటి నీడలిస్తున్నాయి, చెట్టుచెట్టుకీ హిందీలో బోర్డులున్నాయి. పిల్లలకి మహువా చాలు, తప్పు వాళ్ళది కాదు, మీ ఇళ్ళలోనూ ఇంతేగా. తప్పు పలికితే కసురుకునే మనిషి ఇంట్లో ఉండడం ఎంత భాగ్యమో ఈ వయసులో తెలుస్తోంది. ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు ఆ ఇప్పచెట్టు కింద నిలబడి, కావాలనే మహువా అని పైకి అని, కాసేపు ఆగుతాను. ఎవ్వరూ దిద్దరు.