ఆదివారం మాట్లాడిన మాట

అప్పట్లో విజయనగరంలో మా మావగారి బట్టల షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. ఎవరు ఎందుకు ఏమన్నారో ఆరా తీయకపోతే నాకు అన్నం సహించదు.

రోడ్డు వెడల్పు చేస్తే షాపుల ముందు భాగాలు పోతాయని వ్యాపారులంతా గోల పెడుతున్న రోజులవి. జనం అభిప్రాయం వినడానికి మున్సిపాలిటీ వాళ్లు ఒక ఆదివారం మీటింగు పెట్టారు. మా షాపుకి సెలవు. పాతికేళ్లుగా మా దగ్గర చీరలు చూపిస్తున్న సేల్స్‌మేన్ అక్కడ లేచి, "మా యమ్మని తీసుకెల్తన్న అంబులెన్సు ఈ రోడ్డులోనే ఇరుక్కుపోనాది. వెడల్పు సెయ్యాల్సిందే" అన్నాడు. మావగారు ముందు వరసలోనే ఉన్నారు.

సోమవారం అతన్ని పనిలోంచి తీసేశారు.

"సెలవు రోజున, షాపు బయట అన్న మాట కదా మావయ్యా?" అని అడిగాను.

"ఆడు మన షాపోడమ్మా. ఆడేటన్నా మనమన్నట్టే."

"మరి మీరన్నవన్నీ అతనన్నట్టేనా?"

మావగారు ఫ్యాను వైపు చూశారు. నాకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

మంగళవారం పొద్దున్నే పెళ్లి చీరలకని ఒక కుటుంబం దిగింది. మావగారికి కాలు నిలవలేదు. మా షాపులో బోణీ అతని చేత్తోనే జరగాలి. అతను సెలవు పెట్టినా సరే, పిలిపించి ఒక జాకెట్టు ముక్కయినా కోయించి పంపేవారు. అంత గురి ఆ చేతి మీద. ఫోను చేశారు. అతను వచ్చి చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడ్డాడు.

"బోణీ సేసెల్లు" అన్నారు మావగారు.

"సేస్తాను బాబూ. పని కూడా ఇప్పించండి."

"మళ్లీ మీటింగుల్లో మాటాడతావేటి?"

"అడిగితే సెప్తాను బాబూ."

మావగారు వెనక్కి తిరిగి, తన చేత్తోనే మొదటి చీర మడత విప్పారు. చేతి మీద నమ్మకాన్నయినా వదులుకున్నారు గానీ ఆ ఒక్క మాటను ఓర్చుకోలేకపోయారు. ఆ రోజు బేరం బ్రహ్మాండంగా సాగింది. నాకది అస్సలు నచ్చలేదు.

కొన్నాళ్లకి అతను మార్కెట్లో కనిపించాడు. వేరే షాపులో చేరాడట. "చేర్చుకునేటప్పుడు పని గురించి ఏమేం అడిగారు?" అన్నాను, నా అలవాటు ఎక్కడికి పోతుంది.

"పని గురించేటీ అడగలేదమ్మా. మీటింగుల్లో మాటాడతావా అనడిగేరు."

"మీరేమన్నారు?"

"మాటాడనని సెప్పీసేను" అన్నాడు.