పూజలో పెట్టిన టెస్టర్

అతని భుజానికి వేలాడే ఆ నల్ల తోలు సంచీని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అందులో మా ఓనరు సింగపూరు నుంచి తెప్పించిన కేబుల్ టెస్టర్ ఉండేది. వైరు ఒక కొసన తగిలించి మీట నొక్కితే, ఎన్ని మీటర్ల అవతల తెగిందో అంకెల్లో చూపించేది. అలాంటిది కావాలని ఓనరును అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. తీరా అది వచ్చాక, నిన్నగాక మొన్న గుంటూరు నుంచి వచ్చి చేరిన అతని చేతిలో పెట్టాడు.

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్త రోజులు అవి. ఊళ్లో ప్యారీస్ బజారు దగ్గర ఒక మేడ మీద మా చిన్న కంపెనీ. ఆఫీసుల్లో కంప్యూటర్లను వైర్లతో కలపడం, అవి మొరాయిస్తే వెళ్లి బాగు చేయడం మా పని. అప్పట్లో ఒకటే నల్ల వైరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి, దాన్నుంచి మరోదానికి పోయేది. ఎక్కడ ఒక్క జాయింటు వదులైనా మొత్తం ఆఫీసు పడుకునేది. వైరు రెండు కొసలకూ టెర్మినేటర్ అని వేలి కొసంత బిళ్ల బిగించాలి. అది ఊడినా అంతే సంగతులు. నా దగ్గర ఉన్నవల్లా స్క్రూడ్రైవరు, వైరు తోలు ఒలిచే కత్తి, పిన్ను నొక్కే క్రింపింగ్ టూలు. వాటితో టేబుళ్ల కింద పాకి పాకి నా ప్యాంట్లన్నీ మోకాళ్ల దగ్గర చిరిగాయి. అతను మాత్రం ఇస్త్రీ నలగకుండా వచ్చి, మీట నొక్కి, "అదిగోనండి, ఆ బీరువా వెనకాల" అనేవాడు. అందరూ నోరెళ్లబెట్టేవాళ్లు. అది మిషను గొప్పతనం, మనిషిది కాదని నేను గొణుక్కునేవాణ్ణి.

ఒకసారి అతన్ని రాయపురంలో మా ఇంటికి భోజనానికి పిలిచాను, పిలవక తప్పలేదు. తరతరాలుగా ఇక్కడే ఉన్న మాకు తెలుగులో సగం అరవమే. అతను వెళ్లాక అమ్మ, "ఎంత బాగా మాట్లాడతాడురా ఆ పిల్లోడు! నువ్వూ ఉండావు, నోరు తెరిస్తే అరవమే" అంది. ఆ పూట తిన్న చేపల పులుసు నాకు అరగలేదు.

ఊరి చివర మనలిలో ఒక రంగుల ఫ్యాక్టరీ మా పాత కస్టమరు. ఎప్పుడూ అక్కడే ఉండేలా ఒక మనిషిని ఇవ్వమని అడిగారు. సొంత టేబులు, ఫోను, ఊరంతా తిరిగే బాధ ఉండదు. ఆ ఉద్యోగం నాదేనని నేను ఇంట్లో చెప్పేశాను కూడా. ఓనరు మాత్రం నాన్చాడు.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. పనిముట్లన్నీ తుడిచి, సరస్వతి పటం ముందు పేర్చి, గంధం, కుంకుమ పెట్టాం. మర్నాడు మళ్లీ పూజ చేసి తీసేదాకా వాటిని ఎవరూ తాకకూడదు. టెస్టర్ చామంతి దండ వేసుకుని నట్టనడుమ కూర్చుంది. నా క్రింపింగ్ టూలు ఎక్కడో చివర, చీపురు పక్కన. నాకు పటం మీద కూడా కోపం వచ్చింది.

హారతి ఇచ్చిన కాసేపటికే మనలి నుంచి ఫోను. నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది, బిల్లులు రావడం లేదు, లోడు ఎక్కించిన లారీలు గేటు దగ్గర నిలిచిపోయాయి.

"పూజలో పెట్టిన సామాను తియ్యకూడదప్పా," అన్నాడు ఓనరు. "ఒట్టి చేతుల్తోనే పొయ్యి చూడండి, ఇద్దరూ. ఆడ ఉద్యోగం ఎవురికో రేపు చెప్తా."

నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మిషను లేదు కదా, ఎవరి పస ఎంతో ఇప్పుడు తేలుతుంది. బస్సులో దారి పొడవునా నాలో నేనే నవ్వుకున్నాను.

వెళ్లగానే టేబుళ్ల కింద దూరాను. ఒక్కో జాయింటూ తడిమి, విప్పి, బిగిస్తూ పోయాను. కంప్యూటర్ల మీద, కీబోర్డుల మీద, చివరికి వైర్ల మీద కూడా కుంకుమ బొట్లు. నాకది వింతగా అనిపించలేదు, మా ఇంట్లో మిక్సీకీ పెడతాం. అతను మాత్రం కుర్చీలో కూర్చుని, ఆఫీసు ఊడ్చే ఆమె పెట్టిన బొరుగులు తింటూ కబుర్లాడుతున్నాడు.

"మా వైపు ఈ పూజ ఇంత పెద్దగా చేయరండి. ఇవన్నీ మీరే తుడిచారా?"

"అవును సార్. అన్నీ తుడిచి బొట్టు పెట్టినా."

"మరి పూజలో ఏమేం పెట్టారు?"

"కత్తెర, తాళాలు, స్టాప్లరు... స్టోర్ రూములో కంప్యూటర్ వెనకాల మెరస్తా చిన్న బిళ్ల ఒగటుండె. తిప్పితే వచ్చేసింది. అదీ సామానే గదా అని స్వామి ముందర పెట్టినా."

నా తల టేబులుకు కొట్టుకుంది. స్టోర్ రూములోది చివరి కంప్యూటర్, టెర్మినేటర్ ఉండేది దానికే. నేనింకా అక్కడిదాకా పోనేలేదు.

రేపటిదాకా తియ్యకూడదని ఆమె పట్టుబట్టింది. అతను తొందరపడలేదు. "ఇంకోసారి హారతి ఇచ్చి, మీ చేత్తోనే తీసివ్వండమ్మా. స్వామి ఏమీ అనుకోడు," అన్నాడు. ఆమె నవ్వి కర్పూరం వెలిగించింది. అతను బిళ్ల మీది గంధం తుడిచి బిగించాడు. ప్రింటరు కరకరమంటూ బిల్లులు కొట్టసాగింది.

అన్నాళ్లూ ఆ మిషనే నాకు ఓదార్పు. అది లేకపోతే అతనెంత అనుకునేవాణ్ణి. ఇప్పుడది ప్యారీస్‌లో చామంతుల మధ్య ఉంది, అతను ఇక్కడ గెలిచాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పూజ చేస్తున్నవాణ్ణి నేను. అడగాలని తోచింది మాత్రం అతనికి.

మర్నాడు ఓనరు ఏం జరిగిందని అడిగితే అతను, "ఇద్దరం కలిసి పట్టుకున్నామండి. ఈయన జాయింట్లన్నీ చూడబట్టే కదా, తప్పు వాటిలో లేదని తేలింది," అన్నాడు.

ఓనరు నా ముఖం చూసి చిన్నగా నవ్వాడు. "సరి, మనలికి నువ్వు పో," అని అతనితో అన్నాడు.

 అతను ఒక్క మాట గొప్పలు చెప్పుకున్నా చాలు, జీవితాంతం హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆపాటి సుఖం కూడా నాకు మిగల్చలేదు.