గుహను ముంచనిచ్చిన అన్న

బోధన్ చర్చి వెనక, ఆదివారాలు మాతో ఒక ఆట ఆడించే అన్న ఉండేవాడు. బోర్డు లేదు, బొమ్మలు లేవు. ఆయన గుహనూ, అందులోని భూతాన్నీ మాటలతో కట్టేవాడు. మేము వీరులమై లోపలికి దూరేవాళ్లం. దారి మాత్రం చూపేవాడు కాదు. గడ్డం గోక్కుంటూ, "ఏం జేస్తవ్ చెప్పు?" అనేవాడు. మేం చెప్పింది ఫలిస్తుందో లేదో పాచిక వేసి తేల్చేవాడు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన నన్ను అంతకుముందు ఎవరూ ఆ మాట అడగలేదు. అందరూ చెప్పేవాళ్లే.

ఒకసారి భూతం మావాళ్లందరినీ మింగేసింది. గుహ బయట నేనే మిగిలాను. నేనూ చస్తే ఆట ఖతం.

"గుహలకు పోనన్నా. పైన కాలువుందన్నవ్ గదా, తూము లేపి నీళ్లు ఇడుస్త."

వారమంతా కూర్చుని గీసుకున్న గుహ పటాన్ని అన్న నవ్వుతూ మడిచి, అందరి ముందే పాచిక వేశాడు.

"భూతం సచ్చింది. నిధి గూడ మునిగిందిరా! ఈతొస్తదా?"

"రాదు. అయినా దుంకుత."

దూకి చచ్చాను. నా తిక్క మాటకు తన వారం కష్టాన్ని సంతోషంగా ముంచుకున్న మనిషి చేతిలో చావడం నాకు ఇప్పటికీ గర్వమే.