దీవి కథ చివరి కాగితం

1958లో, తెలుగువాళ్లు స్థిరపడిన అరవదేశపు ఊరు రాజపాళయంలోని ఒక అచ్చాఫీసులో, బైండింగు విభాగంలో హెల్పరుగా చేరాను. అయిదో తరగతి దాకా పుస్తకాలు నన్ను కుట్టాయి. ఆ తరువాత నేను వాటిని కుట్టడం మొదలుపెట్టాను. హెల్పరు కాగితాలు మడిచి, మైదా బంక కాస్తాడు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేయడం కూడా అతని పనే. బైండరు కుడతాడు. పైన మేస్త్రి ఉంటాడు. ఆయన అంచులు కోసి, వచ్చినవాళ్లతో మాట్లాడి, మమ్మల్ని తిడతాడు. 1961 నాటికి నేను బైండరునయ్యాను, అంటే నన్ను తిట్టేవాళ్లలో ఒకరు తగ్గారు.

మిల్లుల రిజిస్టర్లు మా రోజువారీ పని. దానికి తోడు ఇళ్లనుంచి తొడరుకథలు వచ్చేవి. అరవ వారపత్రికలో తొడరుగా, అంటే వారం వారం వచ్చే నవల పేజీలను ఆడవాళ్లు విడదీసి దాచి, కథ ముగిశాక కట్టగా పంపేవారు. మేము వరుస సరిచూసి, కుట్టి, వీపు మీద వలలాంటి పల్చని గుడ్డ అతికించి అట్ట వేసేవాళ్లం. ఆ గుడ్డ పక్క ఊరు సత్రపట్టిలో నేసిన ఆస్పత్రి కట్టు గుడ్డే. మా ఊళ్లో గాయానికి కట్టేదీ కథకు కట్టేదీ ఒకటే.

ఆ ఏడు ఒక రాజుల ఇంటినుంచి రెండు కట్టలు వచ్చాయి. అన్నదమ్ములు పత్తి జిన్నింగు వ్యాపారం దగ్గర తగవుపడి, ఒకే ఇంటికి నడుమ గోడ పెట్టుకున్నారు. అటువాళ్లు ఇటు రాకూడదని మాట. పెద్దకోడలు వెంకటమ్మ, చిన్నకోడలు సీతమ్మ. వెంకటమ్మకు చదువు రాదు. సీతమ్మ అరవం చదివి, చదివిందాన్ని అప్పటికప్పుడే తెలుగులో చెప్పేది. ఆ నవలలకు తెలుగు పుస్తకం ఎక్కడా లేదు. ఉన్నది ఆమె నోట్లోనే, అదీ ఆ ఇంటి వంటగది వరకే.

మొదటి కట్ట దీవి కథ. ముత్యాల వర్తకుడి కూతురూ ఈత రాని ఓడ మెకానిక్కూ, కొబ్బరిచెట్లు తప్ప ఇంకేమీ లేని దీవికి కొట్టుకుపోతారు. వారానికొకసారి పోట్లాడుకుంటారు, వారానికొకసారి దొంగలు వస్తారు, ఒక కోడిపుంజు ఆ దొంగలను తరుముతుంది. చిన్నాన్నా పెదనాన్నా లేని చోట కాబట్టి ప్రేమ సాఫీగా సాగింది. మా ఊరివాళ్లయితే ఆ దీవికి కూడా నడుమ గోడ పెట్టేవాళ్లు. రెండో కట్ట ఒక జమీను కథ, అంటే జమీందారుల ఇంటి కథ.

పంపకంలో దీవి కథ పెద్దింటికి వచ్చింది. గోడ లేచాక సీతమ్మ దాచిన జమీను కథ చిన్నింటిది. చిక్కు ఒక్క కాగితం దగ్గర వచ్చింది. దీవి కథ ముగిసిన వారమే జమీను కథ మొదలైంది. కాగితానికి ఇటువైపు దీవి కథ ఆఖరి పేజీ, అటువైపు జమీను కథ తొలి పేజీ. గోడ లేచింది కూడా ఆ వారమే. వెంకటమ్మ ఆ ఆఖరి పేజీ వినలేదు. దీవికి ఓడ వచ్చింది, ఆ పిల్ల ఎక్కిందా లేదా అన్నది ఆమెకు తెలియదు.

కాగితం మాదంటే మాదని రెండిళ్లనుంచీ కబురు వచ్చింది. దానికి మా వృత్తిలో ఒక ఉపాయం ఉంది. కాగితానికి రెండువైపులా బంకతో గుడ్డ అతికించి, ఇనుప ప్రెస్సులో బిగించి, ఆరాక రెండు గుడ్డలనూ ఎదురెదురుగా లాగితే, కాగితం మందంలోనే రెండు పొరలుగా చీలుతుంది. తరువాత వేడినీళ్లతో గుడ్డను విడదీస్తే, ఒక కాగితం రెండవుతుంది. చిత్తు కాగితం మీద చేసి చూపించాను. వెంకటమ్మ భర్త పెద్దరాజుగారు చూసి, "చీల్చేయ్. ఎవరిది వాళ్లకు పోనీ" అన్నారు.

గుడ్డ అతికించి ప్రెస్సులో పెట్టాను. అది ఆరేలోపల వెంకటమ్మ స్వయంగా వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్లు అచ్చాఫీసు గడప తొక్కడం మేమెవరమూ చూడలేదు. మేస్త్రి లేచి నిలబడి, ఆమె కూర్చునేదానికి స్టూలు వెతుకుతూ, కంగారులో తన కళ్లజోడు మీదే కూర్చున్నాడు.

"ఏమయ్యా, చీల్చేసినావా?"

"ఇంకా లేదమ్మా. రేపు లాగాల."

"లాగొద్దు. ఆ కాగితం సీత పుస్తకంలోనే కుట్టు. నా దాంట్లో వద్దు."

ఆఖరి పేజీ లేకుండా పుస్తకం ఎట్లా ఇచ్చేదని మేస్త్రి అడిగాడు.

"చదువు వచ్చినదానికి గదా కొరత? దీవి కథ నా ఇంట్లో ఉంటే సీత చదివేదానికి రావాల. ముగింపు దాని ఇంట్లో ఉంటే నేను పోవాల. చీల్చి ఇస్తే ఎవురిది వాళ్లకు సరిపోతాది. ఆపైన ఎవురు ఎవురింటికి పోతారు?"

రాజుగారు ఒప్పుకోవాలి కదా అన్నాను.

"తోట పంచినారు, బావి పంచినారా? ఇద్దురూ ఒకే బావికి పోతాండారు గదా, వాళ్లకు లేని రోషం నాకెందుకు? ఇదీ బావి అనుకో అని చెప్తాను."

మా వైపు భూమి ఎన్ని ముక్కలయినా బావి పొత్తులోనే ఉంటుంది. తన వంతు నీళ్లకు వచ్చేవాణ్ణి ఎంతటి పగవాడూ ఆపడు. ఆ మాటతోనే రాజుగారు తరువాత చీల్చొద్దని కబురు పంపారు.

ఆ కాగితం చదివినవాణ్ణి నేను. ఆమె గడప దాటేలోపల నోరు ఊరుకోక, "అమ్మా, ఆ పిల్ల ఓడ..." అన్నాను.

"నోరు ముయ్యి. సీత చెప్పాల" అంది. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలలో అదొకటి.

గోరువెచ్చని నీళ్లతో గుడ్డ విడదీసి, కాగితం ఆరబెట్టి, జమీను కథ మొదట్లో కుట్టాను. దీవి కథ చివర, కాగితం అతికించడానికి పెట్టే సన్నని పట్టీని ఖాళీగా వదిలేశాను. మేస్త్రి దాన్ని కోసేయమన్నాడు. "ఊరికే ఉన్న పట్టీ చూస్తే నా పేరు చెడతాది రా" అన్నాడు. "చెడనీ మేస్త్రీ, కళ్లజోడు పగిలింది గదా, మీకు కనపడదు" అన్నాను. ఆయన తిట్టాడు గాని కోయలేదు.

1968లో సీతమ్మ రెండు పుస్తకాలూ తెచ్చింది. దీవి కథ వీపు ఊడిపోయి ఉంది. ఒక్కసారి చదివితే పుస్తకం అట్లా కాదు. ఖాళీ పట్టీ వేళ్ల మరకతో నల్లబడింది. వెంకటమ్మ ఆ వేసవిలో చనిపోయింది.

"అన్నా, ఆ కాగితం తీసి దీవి కథలో చేర్చేయ్" అంది.

జమీను కథకు మొదలు లేకుండా పోతుందన్నాను.

"పోనీ. జమీను కథ అక్క ఎప్పుడూ వినలా. నేను దీవి కథ ముగింపు ఎత్తినప్పుడంతా, నిలుపు, రేపు వస్తాను అనేది. వచ్చేది. మళ్లీ మొదటినుంచి చదివించేది."

"అయితే ఆఖరిది?"

"విన్నాది. పోయిన నెల పడకలో ఉండి, ఇంక చెప్పు అన్నాది. చెప్పినాను."

జమీను కథ కుట్టు విప్పి కాగితం తీశాను. పట్టీకి బంక రాసి అతికించి, కట్టు గుడ్డ కొత్తది వేశాను. కొలత తప్పలేదు.

ఆ తరువాత ఉద్యోగం ముగిసేదాకా, ఇంటినుంచి ఏ కట్ట వచ్చినా, ఎట్లా కట్టాలని అడిగే ముందు, ఎవరు చదువుతారు, ఎవరు వింటారు అని అడిగేవాణ్ణి. బైండరుకు తెలియవలసిన కొలతల్లో అది కూడా ఒకటి.