కత్తెర పడని కోటు

మా ఊరి హైస్కూలు బ్యాండు పిల్లల యూనిఫారాలు సరిచేసే టీచరమ్మగారు మంగళవారం ఉదయం పోయారు. తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో వాళ్ళమ్మాయి పెట్టిన నాలుగు వాక్యాలను, పనిచేసే షాపులో సరుకు దించుకుంటూ చదివాను. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఆ శుక్రవారమే హోమ్‌కమింగ్. పాత విద్యార్థులంతా తిరిగొచ్చి స్కూలు జట్టు ఫుట్‌బాల్ ఆట చూసే రోజది. ఏడాది మొత్తంలో ఆమెకు ఊపిరాడనంత పని ఉండే వారం.

మా ఊరు షామ్‌బర్గ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఆమెను ఎరగనివాళ్ళు కూడా ఉంటారు కాబట్టి చెబుతాను. బాపట్ల దగ్గర మిషన్ బడిలో కుట్టుపని నేర్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరకు వచ్చారు. మనవడు బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు. వాడి ప్యాంటు నేల మీద ఈడుస్తుంటే చూడలేక ఒకరోజు సూదీ దారం పట్టుకుని స్కూలుకు వెళ్ళారు. ఆ మనవడు చదువు ముగించి ఉద్యోగంలో చేరినా ఆమె వెళ్ళడం మానలేదు. ఆగస్టు నుంచి చెట్లు బోసిపోయేదాకా బ్యాండు హాలు వెనక కిటికీ లేని చిన్న గది ఆమెది. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు, మన పిల్లలు అందరూ ఆమెను అమ్మమ్మ అనే పిలిచేవారు. అది ఆమె పేరేనని చాలామంది అనుకునేవారు.

ఆమె దగ్గర ఒక్కటే నియమం. బట్టకు కత్తెర పెట్టకూడదు. పొట్టిపిల్లకు పెద్ద ప్యాంటు వస్తే లోపలికి మడిచి కుట్టేవారు. సీజను అయ్యాక కుట్లు విప్పేసేవారు. "వచ్చే ఏడు ఎవరొస్తారో మనకు తెలవదుగా. వాళ్ళ బట్ట మనమెందుకు కోయాలి?" అనేవారు.

ఫుట్‌బాల్ ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు. పక్కనున్నవాళ్ళు లేచి అరిస్తే తనూ లేచేవారు. "మనవాళ్ళేనా?" అని అడిగి, అవునంటే చప్పట్లు కొట్టేవారు. హోమ్‌కమింగ్ వారంలో పిల్లలు రోజుకో వేషం వేస్తారు. ఇద్దరు ఒకేలా తయారవ్వాల్సిన రోజున ఆరడుగుల డ్రమ్మర్ ఒకడు దుప్పటిని చీరలా చుట్టుకుని, పైన స్వెట్టర్ తొడుక్కుని ఆమె గదికి వచ్చాడు.

"అమ్మమ్మా, వి ఆర్ ట్విన్స్!"

"ఏంది ఆ కుచ్చిళ్ళు? నేనిట్టా కడతానంట్రా? ఇటు రా" అని, వాడికి తెలుగు రాదన్న సంగతే పట్టనట్టు తిడుతూ పది నిమిషాలు కుచ్చిళ్ళు సర్దారు. వాడు బుద్ధిగా చేతులెత్తి నిలబడ్డాడు. ఆ రోజంతా దుప్పటి జారలేదని విన్నాను.

ఆమె నాకు చేసిన మేలు ఒకటి చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట మేము ఇల్లు మారాం. మా అమ్మాయి పదో తరగతికి ఈ స్కూలుకు వచ్చింది. మొదట్లో మధ్యాహ్నం ఒంటరిగా తినేది. అడిగితే "ఇట్స్ ఫైన్ నాన్నా" అనేది. సెప్టెంబరులో బ్యాండులో ఎవరో మానేస్తే, ఆ ఖాళీలో క్లారినెట్‌తో చేరింది. అప్పటినుంచి ఇంటికొచ్చి ఎవరెవరి పేర్లో చెప్పడం మొదలైంది. నేను వినేవాణ్ని. హోమ్‌కమింగ్ ఆటకు మైదానంలో వాయించడం మా అమ్మాయికి మొదటిసారి. పూర్తి యూనిఫారం లేనివాళ్ళు మైదానంలోకి దిగకూడదని బ్యాండు మాస్టారి కట్టుబాటు.

ఆటకు ముందురోజు బ్యాండుతో చిన్నపిల్లల బడిలో వాయించి, చెమటపట్టిన కోటుతోనే ఇంటికొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం తెచ్చిస్తానని చెప్పి కోటు నా దగ్గర ఉంచుకున్నాను. మా ఇంట్లో పరాయివాళ్ళ వస్తువు ఏదైనా సరే, గిన్నె అయినా దుప్పటి అయినా, కడగకుండా తిరిగివ్వం. అది మా అమ్మ పెట్టిన అలవాటు. అమ్మాయి బడికి వెళ్ళాక కోటును వాషింగ్ మెషిన్‌లో వేశాను. వేడి నీళ్ళు పెట్టాను. తర్వాత డ్రైయర్‌లో వేశాను. లోపల ఎలా ఉతకాలో చెప్పే చీటీ ఉంటుందని, అది చదవాలని తోచలేదు. తీసేసరికి ఉన్ని కోటు బిగుసుకుపోయి చంటిపిల్లల కోటంత అయింది. మెరూన్ రంగు దిగి ముందువైపు తెల్లబట్ట గులాబీ రంగుకు తిరిగింది.

పది గంటలకు టీచరమ్మగారి గది తలుపు దగ్గర నిలబడ్డాను. సంచి ఇచ్చాను. ఆమె కోటు తీసి వాసన చూశారు.

"వేడి నీళ్ళా?"

"అవునండీ."

"డ్రైయరు?"

తల ఊపాను.

"అదీ అయిందన్నమాట. పోనీలే తమ్ముడూ, ఇంత శుభ్రమైన కోటు ఈ గదిలో ఎన్నడూ లేదు" అని నవ్వారు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేశారు. "పిల్లకు తెలుసా?"

"తెలియదండీ. ఇవాళ దిగలేకపోతే మళ్ళీ బ్యాండుకు వెళ్తుందో లేదో..."

ఆమె లేచి చుట్టూ వెతికారు. గదిలో మిగిలిన కోటు ఒక్కటే. మా అమ్మాయి లాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత పెద్దది.

"కత్తెరేస్తే గంట పని. మడిచి కుట్టాలంటే సాయంత్రమయిద్ది. కూర్చో."

షాపుకు ఫోన్ చేసి రానని చెప్పాను. ఆమె చెప్పినచోటల్లా కుట్లు విప్పాను. భుజాలు, పక్కలు ఆమె మడిచి కుట్టారు. మధ్యాహ్నం తన డబ్బాలో పెరుగన్నం సగం నాకు పెట్టారు.

"తప్పు చేసినోడివి, కనీసం కబుర్లన్నా చెప్పు తమ్ముడూ. నా నోరొక్కటే ఎంతసేపని ఆడిద్ది?"

ఏం చెప్పాలో తెలియక షాపులో ఆ వారం వచ్చిన మామిడికాయల గురించి చెప్పాను. చాలా ఆసక్తిగా విన్నారు. ఒక చేతి అంచు నాకు అప్పగించి, నేను కుట్టింది మూడుసార్లు విప్పించారు.

"లోపలివైపేగదండీ, ఎవరికీ కనపడదు" అన్నాను.

"పిల్లకు గుచ్చుకుంటది. చెయ్యి లేపినప్పుడల్లా దాని మీదే ధ్యాస ఉంటది. ఇంకోసారి కుట్టు."

ఐదు గంటలకు మా అమ్మాయి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. "నాన్నా, నువ్వు ఎందుకు హియర్?"

"కోటు ఇద్దామని వచ్చాడు, నేనే పని చెప్పి కూర్చోబెట్టుకున్నా" అన్నారు టీచరమ్మగారు. అమ్మాయి కోటు తొడుక్కుని చేతులు రెండూ పైకెత్తింది, దించింది.

"ఇది డిఫరెంట్‌గా ఉంది అమ్మమ్మా. లైక్, బెటర్."

"నీకని సరిచేశానే. పో, టైమయింది."

అది పరుగెత్తాక నావైపు తిరిగి, "సరిచేసిన మాట నిజమే కదా?" అన్నారు, ఆదివారం చర్చిలో సమాధానం చెప్పుకోవాల్సినట్టు. పాడైన కోటు సంగతి మాస్టారికి తన పొరపాటుగానే చెప్పుకున్నారని నాకు చాలా రోజులకు తెలిసింది. వెళ్ళి నిజం చెబుతానన్నాను. "ఇప్పుడెందుకు? పిల్ల బాగా వాయిస్తందిగా" అన్నారు.

అమ్మాయి స్కూలు ముగిసేదాకా బ్యాండులోనే ఉంది. ఇప్పుడు కాలేజీలో ఉంది. టీచరమ్మగారు పోయారని ఫోన్‌లో చెప్పినప్పుడు ఏడ్చింది. అప్పుడు కోటు సంగతంతా చెప్పాను.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు అడగలేదుగా."

"నాకు తెలిస్తేనే కదా అడిగేది! అమ్మమ్మకి థ్యాంక్స్ చెప్పేదాన్ని."

ఫోన్ పెట్టేశాక నా డైరీ తీసి చూశాను. కోటు పాడైన నాటి తేదీ కింద 'కోటు' అన్న ఒక్క మాటే ఉంది. ఆమెకు నేనైనా సరిగ్గా కృతజ్ఞత చెప్పినట్టు గుర్తు లేదు. అందుకే ఇప్పుడు ఇంత రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందటి ఆ శుక్రవారం ఆట మధ్యలో విరామం వచ్చినప్పుడు టీచరమ్మగారు, నేను మైదానం పక్క మెట్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. చలిగాలి వీస్తోంది. బ్యాండు మైదానంలోకి నడిచింది. మెరూన్ కోట్లు వరసలు వరసలుగా విడిపోయి, తిరిగి, స్కూలు పేరులోని మొదటి అక్షరంగా నిలబడ్డాయి.

"మీ అమ్మాయి ఏది?" అన్నారు.

ఆ వరసలన్నీ వెతికాను. అందరూ ఒక్కలాగే ఉన్నారు. ఎక్కడా ఖాళీ లేదు.

"తెలియడం లేదండీ" అన్నాను.

"తెలవకూడదు" అన్నారు తృప్తిగా. ఆమె స్వెట్టర్ మీద, గుండెల దగ్గర, తీయడం మరిచిన సూది ఉంది. దానికి మిగిలిన జానెడు మెరూన్ దారం, క్లారినెట్లు మోగినంతసేపూ గాలికి ఊగుతూనే ఉంది.