మామండూరు బురదలో మునిరత్నం సైకిల్

ఒకచోట కుదురుగా కూర్చోవడం నా ఒంటికి పడదు. ఎనభైల మొదట్లో, తిరుపతిలో ఓ బట్టల కొట్టులో పనిచేసే రోజుల్లో, ఆదివారం వచ్చిందంటే కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. కానీ ఆ కార్తీకంలో మామండూరు అడవికి సైకిళ్లేసుకుని పోదామన్నది మాత్రం మునిరత్నం కోసం. అతను కరకంబాడి నుంచి రోజూ తిరుపతికి పాలు తెచ్చి ఇళ్లకు పోసేవాడు. క్యారియర్‌కు రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని పదిహేనేళ్లు తిరిగిన మనిషి, ఓ వానలో లారీకి దారిస్తూ రోడ్డు దిగి పడ్డాడు. మోకాలు నయమైంది గానీ భయం పోలేదు. మూడు నెలలుగా సైకిల్ ముట్టలేదు. భార్య క్యాను పట్టుకుని బస్సులో వచ్చేసరికి పొద్దెక్కుతోందని సగం ఇళ్లవాళ్లు వేరేచోట పాలు పెట్టుకున్నారు. వచ్చే శుక్రవారం సైకిల్ అమ్మేస్తానన్నాడు. అమ్మేస్తే ఇక ఆ పని అయిపోయినట్టే.

నాదొక ఉపాయం. బరువేమీ లేని సైకిల్ ఇచ్చి, లారీలు తిరగని అడవి దారిలో తొక్కిస్తే భయం అదే పోతుందనుకున్నాను. నేను, టైలర్ దొరసామి, మునిరత్నం కలిసి రోజుకు మూడు రూపాయల చొప్పున అద్దె సైకిళ్లు తీసుకుని, ఆరుంబావు కోడూరు బస్సు టాపు మీదికి ఎక్కించాం. ముప్పావు గంటలో మామండూరులో దిగాం. రోడ్డుకు ఎడమపక్క కొండలోకి వెళ్లే బండిదారి పట్టుకుంటే నాలుగు మైళ్ల దూరంలో వంక, అదే కొండవాగు, వస్తుంది. దారికి రెండు పక్కలా చెట్లు కమ్ముకుని ఉంటాయి. రాత్రి వాన పడిందేమో, దారంతా ఎర్రబురద.

మునిరత్నం ఎక్కాడు. పది గజాలు పోయేసరికి హ్యాండిల్ అటూ ఇటూ ఊగిపోయి కాలు కింద పెట్టేశాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ అదే. "తొక్కప్పా, ఏమైతాది!" అని నేను అరుస్తూనే ఉన్నాను. అరిచేకొద్దీ హ్యాండిల్ ఇంకా ఊగింది. ఆ సంగతి కనబడుతున్నా నా నోరు ఆగలేదు.

మైలు దాటేసరికి చక్రాలకూ మడ్‌గార్డులకూ మధ్య బురద కూరుకుపోయి మూడు సైకిళ్లూ బిగుసుకున్నాయి. అటునుంచి కట్టెల మోపుతో సైకిల్ నెట్టుకొస్తున్న ముసలాయన మమ్మల్ని చూసి నవ్వాడు. ఆయన సైకిల్‌కు మడ్‌గార్డులే లేవు.

"యాడికి నాయనా, పెండ్లికా? ఆ మడిగార్లు ఇప్పేయండి. ఈ మన్ను దాంట్లో దూరితే ఎద్దుల్ని కట్టినా కదల్దు" అంటూ పానా తీసిచ్చాడు.

దొరసామి, మునిరత్నం కూర్చుని విప్పడం మొదలుపెట్టారు. అంతసేపు ఆగే ఓపిక నాకెక్కడిది? పుల్లతో కాస్త గీకేసి "మీరు రండి" అంటూ ముందుకు తొక్కాను. దిగుడులో ముందుచక్రం ఠక్కున బిగుసుకుంది. హ్యాండిల్ మీదుగా ఎగిరి రాళ్లలో పడ్డాను. చీలమండ బెణికింది. చక్రం అప్పడంలా వంగిపోయింది.

"ఆగమంటే ఆగినావా నువ్వు?" అని తిడుతూనే దొరసామి నా సైకిల్ని తన క్యారియర్‌కు కట్టుకున్నాడు. మునిరత్నం నన్ను లేపి, మడ్‌గార్డులు విప్పేసిన తన సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి, రోడ్డు దాకా నడిపించుకుపోదామని హ్యాండిల్ పట్టుకున్నాడు. ఓ ఫర్లాంగు నెట్టాడు. అంతలో ఆగి, వెనక్కి తిరిగి నన్నూ క్యారియర్‌నూ చూశాడు.

"ఇప్పుడు బండి నా సేతికొచ్చిందబ్బా" అన్నాడు.

"అంటే?"

"పోయేటప్పుడు పాలు, వచ్చేటప్పుడు గొడ్లకు తౌడు మూట. ఎనకాల బరువు లేకండా ఉత్త బండి నేనెప్పుడు తొక్కినాను? పొద్దున్నుంచి గాలిపటం పట్టుకున్నట్టే ఉండాది నాకు."

నాకు సిగ్గేసింది. అతనికి తేలిక చేస్తున్నాననుకుని అతనికి అలవాటైన బరువును తీసేశాను.

అతను ముందునుంచి కాలు వేసి ఎక్కాడు. సైకిల్ ఊగింది. నేను భయపడి అతని నడుం పట్టుకోబోయాను.

"కదలబాకు. క్యాను యాడన్నా కదుల్తాదా?"

చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. సైకిల్ నిలదొక్కుకుంది. రాళ్లొచ్చాయి, గుంతలొచ్చాయి, రోడ్డెక్కాక కోడూరు లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. ఆ చప్పుడుకు మునిరత్నం భుజాలు బిగుసుకోవడం వెనకనుంచి చూశాను. "నిదానం" అనబోయి మింగేశాను. అతను తొక్కుతూనే ఉన్నాడు. బస్సు ఆగేచోట కూడా ఆపకుండా, దొరసామి వెనకాలే వస్తుండగా, కరకంబాడిలో తన ఇంటి ముందు దాకా తీసుకుపోయాడు. వాకిట్లో ఉన్న భార్య మమ్మల్ని చూసి లేచింది. లోపలికెళ్లి క్యాన్లు తెచ్చి తోమడానికి కూర్చుంది.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, చాలా కొండలెక్కాను. వంక దాకా పోకుండా సగంలో తిరిగొచ్చిన ప్రయాణం ఇదొక్కటే, ఇప్పటికీ ఎక్కువగా తలుచుకునేదీ ఇదే. ఇప్పుడైతే అటవీశాఖను అడిగి గానీ ఆ దారిలోకి పోకూడదు. వానల్లో వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను, మడ్‌గార్డులు ఊళ్లోనే విప్పించుకోండి. మిగతాది మీతో వచ్చేవాళ్లను అడగండి. నేను మునిరత్నం కోసమని అన్నీ ఏర్పాటు చేశాను గానీ, నీకెలాంటి సైకిల్ కావాలని ఒక్కమాట అడగలేదు.