మాస్టర్జీ రాత, నా గొంతు

మాస్టర్జీ పోయారని నాకు మంగళవారం పొద్దున తెలిసింది. టీ తాగుతున్నాను. ఆఫీస్ కాల్‌లో ఉన్న మా అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "బాపూ, మీ పంజాబీ సార్ పోయిండట. వాళ్ళ మనవరాలు మెసేజ్ పెట్టింది" అంది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మళ్ళీ కాల్‌లోకి వెళ్ళిపోయింది. తప్పు పట్టడం లేదు, ఆమె పని ఆమెది. నేను కప్పు కడిగి బోర్లించి, స్వెటర్ వేసుకుని పార్కు దాకా నడిచివెళ్ళి వచ్చాను. దారిలో తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎదురయ్యారు. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

నాకు రాయడం అలవాటు లేదు. మా ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. మాట్లాడటం కూడా తక్కువే. ఈ పత్రిక నడిపే పిల్లలు "అంకుల్, మీరు కూడా ఏదైనా రాయండి" అని అడిగినప్పుడల్లా తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు నా అంతట నేనే రాస్తున్నాను. మాస్టర్జీ గురించి ఆయన భాషలో రాయగలిగినవాళ్ళు ఆయన ఇంట్లో లేరు. నాకు వచ్చింది తెలుగు. అందుకని తెలుగులో రాస్తున్నాను.

ఆయన జలంధర్ దగ్గరి పల్లెలో బడిపంతులు. అక్కడ ఐదారేళ్ళు పాఠాలు చెప్పి, నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని ఈ అమెరికా వచ్చారు. ఇక్కడ పళ్ళు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో చేశారు, గ్యాస్ స్టేషన్‌లో నిలబడ్డారు. రిటైరయ్యాక గురుద్వారాలో ప్రతి ఆదివారం పిల్లలకు పంజాబీ రాయడం, చదవడం నేర్పేవారు. నాకు పార్కులో పరిచయమయ్యారు. ఫ్రీమాంట్ పార్కుల్లో ముసలివాళ్ళ బెంచీలు రాష్ట్రాలవారీగా ఉంటాయని ఇక్కడివాళ్ళకు తెలుసు. గుజరాతీలది ఒకటి, తమిళులది ఒకటి, మనవాళ్ళది ఒకటి. మనవాళ్ళ బెంచీ మీద వీసాల గురించి, ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకుంటారు. నాకు మధ్యలో మాట కలపడం రాదు. కాస్త దూరంగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఆ బెంచీకే ఆయనా వచ్చేవారు.

రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా మహారాష్ట్రలోని బల్లార్షాలో ఉన్నప్పుడు నాకు కొంత హిందీ వచ్చింది. ఆయనది పంజాబీ కలిసిన హిందీ. దానితోనే మా స్నేహం నడిచింది. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఒకరోజు ఆయన వచ్చి కూర్చుంటూనే, "భాయ్‌సాబ్, ఆదివారం నీకేం పని?" అన్నారు.

"ఏం లేదు."

"అయితే నా క్లాసుకు రా. పది పేర్లు లేకపోతే రూమ్ కీబోర్డ్ క్లాసుకు ఇచ్చేస్తామంటున్నారు. తొమ్మిదే ఉన్నాయి."

"నాకు డెబ్బై దాటాయి మాస్టర్జీ."

"రిజిస్టర్‌లో వయసు రాసే గడి లేదు" అన్నారాయన, గడ్డం దువ్వుకుంటూ.

అలా నేను పంజాబీ క్లాసులో పదో పిల్లవాణ్ణయ్యాను. తలకు రుమాలు కట్టుకుని, మోకాళ్ళు పట్టని చిన్న కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు నన్ను చూసి నవ్వారు. మా అమ్మాయి అంతకంటే ఎక్కువ నవ్వింది. "తెలుగు క్లాస్‌కు వాలంటీర్‌గా రమ్మంటే సిగ్గైతదన్నవ్. ఇప్పుడు పంజాబీ నేర్చుకుంటున్నవా బాపూ! ఎవరితోనన్న అంటే నమ్మరు."

రిజిస్టర్‌లో పేరు కోసం వెళ్ళినవాణ్ణి నేర్చుకుంటాననుకోలేదు. కానీ ఆయన చెప్పే తీరు అలాంటిది. మన అక్షరాలకు దేని తలకట్టు దానిదే. వాళ్ళ అక్షరాలు తాడు మీద ఆరేసిన బట్టల్లా ఒకే గీతకు వేలాడతాయి. నేను ముందు అక్షరాలన్నీ రాసి, ఆ తర్వాత పైన గీత గీసేవాణ్ణి. గీత వంకర పోయేది. "రైల్వేలో పట్టాలు ఇలాగే వేశారా? బండి పడిపోతుంది. మళ్ళీ రాయి" అనేవారు. నేను మళ్ళీ రాసేవాణ్ణి. ఎప్పుడూ విసుక్కోలేదు. వంకరగా ఉన్నా ఆ పేజీ చించనిచ్చేవారు కాదు.

ఒక ఆదివారం ఇండియా నుంచి తెప్పించుకున్న చెక్కపలక పట్టుకొచ్చారు. వాళ్ళ బళ్ళలో దాని మీద పచ్చమట్టి పూసి, ఆరబెట్టి, రెల్లు కలంతో రాయించేవారట. రాయడం అయ్యాక కడిగి, మళ్ళీ మట్టి పూయాలి. గురుద్వారా పార్కింగ్ లాట్‌లో ఎండలో నిలబడి, పాటలాంటిదేదో పాడుతూ పలకను గాలికి ఊపి ఆరబెట్టారు. పిల్లలంతా ఫోన్లు తీసి వీడియో చేసుకున్నారు. పలక ఆరాక "ఎవరు రాస్తారు?" అని అడిగారు. చేతికి మట్టి అంటుతుందని ఎవరూ ముందుకు రాలేదు. నేను రాశాను. నా చిన్నప్పటి పలకా బలపం గుర్తొచ్చాయి.

ఇంట్లోవాళ్ళ చేత చదివించాలని ఆయన చేయని ప్రయత్నం లేదు. కొడుకు ఇక్కడే పెరిగాడు. మాట వచ్చుగానీ అక్షరం రాదు. కోడలు ఢిల్లీలో పెరిగిన పంజాబీ అమ్మాయి. ఆమె చదివేది హిందీ. ఒక్కతే మనవరాలు. ఒకసారి ఆయన వంటింట్లో డబ్బాలన్నింటికీ తెల్లకాగితాలు అంటించి, ఏ డబ్బాలో ఏముందో పంజాబీలో రాశారు. చదవడం వస్తే తప్ప వంట కుదరదని ఆయన లెక్క. నెల తర్వాత పార్కులో నేను ఆ సంగతి అడిగాను.

"మూత తీసి వాసన చూస్తున్నారు" అన్నారు. అని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయనే మళ్ళీ అన్నారు.

"మా ఇంట్లో పంజాబీ అంటే తలుపు వెయ్యి, రొట్టె తిను, చెప్పులు ఎక్కడ అనడానికే మిగిలింది భాయ్‌సాబ్. కోపమొస్తే ఇంగ్లీష్. ప్రేమొచ్చినా ఇంగ్లీషే."

ఆయన నన్ను గట్టిగా అడిగింది ఒకే ఒక్కసారి. "నీ మనవరాలికి నీ అక్షరాలు నేర్పావా?" అన్నారు. లేదన్నాను. "ఎందుకు?" అన్నారు. ఆ పిల్లకు టైమ్ ఉండదని చెప్పాను. నిజానికి నేను ఆ పిల్లను ఎన్నడూ అడగలేదు. అడిగితే వద్దంటుందని భయం. ఆయన మాత్రం ఇంట్లోవాళ్ళు వద్దంటారని తెలిసి కూడా అడుగుతూనే ఉండేవారు. మా ఇద్దరికీ తేడా అదే.

క్లాసు పది నుంచి ఆరయింది, ఆరు నుంచి మూడయింది. ఒకరికి స్విమ్మింగ్, ఒకరికి మ్యాథ్ కోచింగ్. ఆయన మనవరాలు కూడా, అక్షరాలు పట్టుబడకముందే, కాలేజీ కోసం రాసే ఎస్.ఎ.టి. పరీక్ష ఉందని మానేసింది. రూమ్ పోయింది. గురుద్వారా వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ తర్వాత అందరికీ భోజనాలు పెట్టే లంగర్ హాల్లో గిన్నెలు కడిగేచోట ఓ మూల కూర్చుని చెప్పేవారు. చివరి ఏడాదంతా శిష్యుడు నేనొక్కణ్ణే. అయినా ప్రతి ఆదివారం రిజిస్టర్ తెరిచి, పది పేర్లూ వరసగా పిలిచేవారు. చివర నా పేరు వచ్చినప్పుడు నేను "హాజర్ జీ" అనేవాణ్ణి. నా వెనకాల గిన్నెల చప్పుడు. ఆ తొమ్మిది పేర్లూ ఎందుకు పిలుస్తున్నారని నేనెప్పుడూ అడగలేదు.

ఆ రోజుల్లోనే ఆయన ఒక నోట్‌బుక్ రాస్తున్నారని తెలిసింది. మందపాటి నీలం అట్ట. పోయిన భార్య గురించి, బడి గురించి, ఈ దేశంలో దిగిన రోజు గురించి, ఇంట్లో ఒక్కొక్కరి గురించి రాస్తున్నానన్నారు. కొడుకు "డాడీజీ, ఫోన్‌లో చెప్పేయండి, రికార్డ్ అవుతుంది. లేదంటే ఇంగ్లీష్‌లో రాయండి" అన్నాడట. ఈయన ఒప్పుకోలేదు.

నేను సాధారణంగా ఎదురు అడగను. ఆ రోజు అడిగాను. "ఎవరు చదువుతారు మాస్టర్జీ?"

"నేను పోయాక ఏం రాశానో మావాళ్ళకు తెలుసుకోవాలనిపిస్తుంది కదా. తెలుసుకోవాలంటే నేర్చుకోవాలి. ముప్పై అయిదు అక్షరాలు. రెండు నెలల పని."

"నేర్చుకోకపోతే?"

ఆయన నా వైపు చూశారు. "నువ్వు నేర్చుకోలేదా?" అన్నారు.

ఆయన పోయాక వాళ్ళింటికి వెళ్ళాను. ఇలాంటప్పుడు సిక్కుల గురుగ్రంథం ఇంటివాళ్ళు తలా కాస్త చదివితే మంచిదని ఆయనే చెప్పేవారు. వాళ్ళింట్లో చదవగలిగినవాళ్ళు లేరు. గురుద్వారా నుంచి వచ్చినవాళ్ళే మొదటి నుంచి చివరిదాకా చదివారు. కొడుకు చేతులు జోడించుకుని తల వంచి కూర్చున్నాడు. కంటనీరు ఆగలేదతనికి. అక్షరాలు నేర్చుకోనిది తండ్రి మీద ప్రేమ లేక కాదు. అది నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

పది రోజుల తర్వాత శనివారం మధ్యాహ్నం మాస్టర్జీ మనవరాలు మా ఇంటికి వచ్చింది. పొడుగ్గా, అచ్చం తాతలాగే ఉంటుంది. చేతిలో నీలం అట్ట నోట్‌బుక్. సగం హిందీ, సగం ఇంగ్లీష్‌లో మాట్లాడింది.

"అంకుల్జీ, ఫోన్‌లో ఫొటో తీసి ట్రాన్స్‌లేట్ చేసి చూశాను. దాదాజీ చేతిరాత దానికి అర్థం కావట్లేదు. ఏవేవో పిచ్చి సెంటెన్సులు వస్తున్నాయి. గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీజీని అడగొచ్చు. కానీ ఇవి మా ఇంటి విషయాలు కదా, ఊరందరికీ తెలుస్తాయని డాడీ వద్దన్నారు. మీకు చదవడం వచ్చని దాదాజీ అందరికీ గొప్పగా చెప్పేవారు."

నాకు భయమేసింది. "నాకు అక్షరాలే వచ్చమ్మా. అర్థం కాదు" అన్నాను.

"నాకు వింటే అర్థమవుతుంది. మీరు చదవండి, నేను వింటాను."

మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. మా అమ్మాయి టీ పెట్టి, నవ్వకుండా పక్కకు వెళ్ళింది. ఆ పిల్ల ఫోన్ రికార్డ్‌లో పెట్టి మా మధ్య ఉంచింది. నేను కళ్ళజోడు సరిచేసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. తెలుగు నోటితో పంజాబీ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. హిందీకి దగ్గరగా ఉన్నచోట నాకూ కొంచెం తెలిసింది. మిగిలినదంతా చప్పుడే. రెండో పేజీలో ఆ పిల్ల నన్ను ఆపి, "ఆ మాటకు అర్థం ఏంటి?" అంది. నాకేం తెలుసు? ఇంకో పేజీలో మరో మాట, ఆ తర్వాత ఇంకొకటి. పొలం మాటలో, బడి మాటలో, మాస్టర్జీ వాళ్ళమ్మ అనే మాటలో తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వాడి ఉండరు. చెప్పగలిగిన మనిషి లేడు. దాటుకుంటూ వెళ్ళాం.

ఒకచోట ఆ పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను ఆగాను.

"ఏం రాశారమ్మా?"

"నా గురించి... నేను చిన్నప్పుడు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఇంగ్లీష్‌లో ప్రయత్నించింది, హిందీలో ప్రయత్నించింది. "అలా చెప్తే అది కాదు అంకుల్జీ" అంది. నా గొంతులోంచే వచ్చిన ఆ మాటేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇరవై పేజీలకు నా గొంతు పోయింది. ఇంకా ఎనభై దాకా ఉన్నాయి. వచ్చే వారం ఆ పిల్ల శాన్ డియేగోలో కాలేజీకి వెళ్ళిపోతోంది. నేను జీవితంలో ఎవరినీ ఏదీ బతిమాలినవాణ్ణి కాను. ఆ రోజు బతిమాలాను.

"ముప్పై అయిదు అక్షరాలమ్మా. నేను నేర్పిస్తాను. రోజూ ఫోన్‌లో అరగంట. రెండు నెలల్లో నువ్వే చదువుకోవచ్చు. మీ తాత నీ కోసమే..."

ఆ పిల్ల నా చేతి మీద చెయ్యి వేసింది. మంచి పిల్ల. అబద్ధం చెప్పలేదు.

"నాకు కుదరదు అంకుల్జీ. మీరు తీరిక ఉన్నప్పుడు కొంచెం కొంచెం చదివి రికార్డ్ చేసి పంపండి. నేను కార్‌లో వింటాను. అదే చాలు కదా?"

"మరి పుస్తకం?"

"మీ దగ్గరే ఉంచండి. మా ఇంట్లో ఎక్కడో పోతుంది."

గుమ్మం దాకా వెళ్ళాను. చలికాలం కాకపోయినా గాలి చల్లగా ఉంది. ఆ పిల్ల కార్ స్టార్ట్ చేయగానే ఫోన్ కార్‌కు కలిసి, రికార్డింగ్ మొదటి నుంచి మోగింది. అద్దం సగం దించి ఉంది. తడబడుతూ, ఎక్కడ ఆగాలో తెలియక ఆగుతూ, ఓ ముసలివాడు పంజాబీ చదువుతున్నాడు. మాస్టర్జీ మాటలు, నా గొంతు. కార్ వీధి చివర స్టాప్ సైన్ దగ్గర ఆగింది. నా గొంతు అక్కడి నుంచి కూడా సన్నగా వినిపించింది. తర్వాత కార్ కుడివైపు తిరిగింది.